సీసా ఊదిన నేరం

పిలుపు ఇప్పుడో ఇంకాసేపటికో వస్తుంది, మా బావమరిది ఇంకా రాలేదు, అయినా నాకు భయం వేయడం లేదు, అదే విచిత్రం, అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది అంతే. కోర్టు వరండాలో ఈ చెక్క బల్ల మీద కూర్చున్నప్పటి నుంచి నా మోకాలు దానంతట అదే ఊగుతోంది, పక్కనున్న ముసలాయన దాని వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసి కొంచెం జరిగి కూర్చున్నాడు, జరిగితే జరగనీ, నాకు చోటు పెరిగింది, లాభమే. సరుకు లారీ వచ్చి కొట్టు ముందు ఆగిన పొద్దున కూడా నాకిలాగే ఉంటుంది. పట్టా ఇంకా విప్పరు, లోపల ఎన్ని సీసాలు బాగున్నాయో ఎన్ని పెంకులయ్యాయో ఎవడికీ తెలియదు, అమ్మేవాడు మాత్రం ధర చెప్పేసి గడ్డం గోక్కుంటూ నిలబడతాడు, నేను చేతులు వెనక్కి కట్టుకుని లారీ చుట్టూ ఒక తిరుగు తిరుగుతాను. ఆ తిరుగులో ఉండే సంబరం నాకు పెళ్ళిలో కూడా లేదు, ఈ మాట నా భార్యకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పి లాభమేముంది. ఇవాళ లారీలో ఉన్న సరుకు నేను. కొనవలసినావిడ, జడ్జిగారు, ఆ తలుపు వెనక బల్ల దగ్గర కూర్చుని ఉంది.

నేరం పేరు బహిరంగ ప్రదేశంలో మద్యం సేవించుట. చీటీ చొక్కా జేబులో ఉంది, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, సేవించుటట, డాక్టరు రాసిచ్చి పూటకోసారి పుచ్చుకోమన్నట్టు. నాది పాత సీసాల వ్యాపారం. ఇళ్ళలోనూ హోటళ్ళలోనూ బార్లలోనూ తాగి పక్కన పెట్టేసినవి కొని, కడిగి, ఏరి, తేనె అమ్మేవాళ్ళకీ పళ్ళరసం పోసేవాళ్ళకీ వెనిగర్ చేసేవాళ్ళకీ అమ్ముతాను. కడిగిన సీసా అంచు చుట్టూ వేలు తిప్పి, వెలుతురుకి ఎత్తి చూసి, ఆఖరికి దాని మూతికి పెదవి ఆనించి ఊదుతాం. ఏ లోపమూ లేని సీసా దూరాన ఓడ కూత పెట్టినట్టు గుమ్మని పలుకుతుంది. కంటికి ఆనని బీట ఎక్కడైనా ఉంటే జలుబు చేసినవాడిలా బొంగురుపోతుంది. మా నాన్న ఇలాగే ఊదేవాడు, మా వీధిలో సీసాల కొట్లవాళ్ళందరూ ఇలాగే ఊదుతారు, అదేమీ పెద్ద విద్య కాదు, అలవాటు. కొట్టు లోపల చీకటి, కడిగేచోట నీళ్ళ మోత, అందుకని ఏరేటప్పుడు బయటికి వచ్చి కాలిబాట మీద నిలబడతాను. ఆ రోజు చేతిలో ఉన్నది పొడుగు మెడ బ్రాందీ సీసా, ఆకుపచ్చది, అలాంటి గాజు ఇప్పుడు రావడం లేదు, అందుకే కళ్ళు మూసుకుని ఆ సీసాని కాస్త ముద్దుగా ఊదాను, అడుగున మిగిలిన కడుగునీళ్ళు గడ్డం మీదుగా కారాయి, కళ్ళు తెరిచేసరికి ఎదుటి వైపు నుంచి వీధి దాటుకుంటూ పోలీసు. కుర్రవాడు, యూనిఫాం మడతలు ఇంకా విడలేదు, అప్పటికే పుస్తకం తీసి పెన్ను మూత పళ్ళతో లాగుతున్నాడు.

"ఏం పెద్దాయనా, పట్టపగలే మొదలెట్టావా?"

"ఊదుతున్నాను బాబూ."

"ఊదేది నేను చెప్పినప్పుడు, మా మిషన్లో. ఇవాళ మిషన్ స్టేషన్లో ఉండిపోయింది. కట్టేసి ఊరుకో, గొడవుండదు."

మిషన్ ఉంటే ఎంత బాగుండేది, అక్కడికక్కడే ఊది చూపించేవాణ్ణి, ఊదడంలో నన్ను మించినవాడెవడు! కానీ లేదు. లెక్క నాకు తెలియకపోలేదు. జరిమానా చిన్నది. కొట్టు ఒక పూట మూస్తే పోయేది దానికంటే పెద్దది, వకీలుని పెట్టుకుంటే పోయేది ఇంకా పెద్దది. పక్కన ఇనప సామాన్ల కొట్టాయన ఇదంతా వేళ్ళ మీద వేసి మరీ చూపించాడు, కట్టేసి చేతులు దులుపుకోవయ్యా, పౌరుషానికి పోయి పూట పాడుచేసుకుంటావా, అన్నాడు. ఇందాక ఇక్కడ వరండాలో మోచేతుల దగ్గర మెరుగు తేలిన నల్లకోటుతో ఒక వకీలు కూడా అదే చెప్పాడు. ఒంటరిగా వచ్చారా సార్, ఇలాంటివి వాదించకూడదు, తప్పయిపోయిందని చేతులు కట్టుకుంటే సగంలో పోతుంది, నేను పక్కన నిలబడతాను, అన్నాడు. తప్పు జరగలేదు కదండీ అన్నాను. అది వేరే సంగతి సార్ అన్నాడు, ఎంత ప్రేమగా అన్నాడో! నోరు నాకుంది, ఇంకో నోరు అద్దెకి తెచ్చుకోవడం దేనికి. అదీగాక ఈ సరుకు ధర ఆయనకి తెలియదు, ఇనప సామాన్లాయనకీ తెలియదు. వాళ్ళు తూస్తున్నది జరిమానాని. నేను తూస్తున్నది మా బావమరిదిని.

ఎక్కడున్నాడు వీడు. గేటు ఈ బల్ల మీద నుంచి కనిపించదు, గోడ అడ్డం. లేచి చూసొద్దామంటే ఆ లోపల పిలుపొస్తే? మొన్న ఒకాయన టీ తాగడానికి వెళ్తే పిలుపు దాటిపోయిందట, బంట్రోతే చెప్పాడు. లేవను. మోకాలా, నువ్వైనా కాస్త కుదురుగా ఉండు.

వాడు నా భార్యకి ఒక్కడే తమ్ముడు. తాగేవాడు. తాగేవాడంటే నేను శనివారం కొట్టు కట్టేశాక కొంచెం పుచ్చుకునేవాణ్ణి చూడండి, అలా కాదు, వాడికి వారాల పేర్లు తెలిసేవి కావు. కొట్టులో పనికి పెట్టుకున్నాను, అది ఇంకా పొరపాటయింది, బార్ల నుంచి వచ్చిన సీసాల అడుగున మిగిలిన చుక్కలు కూడా వదిలేవాడు కాదు. గోనెసంచుల వెనక నిలబడి సీసా ఎత్తేవాడు, ఏం చేస్తున్నావురా అంటే ఊదుతున్నా బావా అనేవాడు. ఒకసారి వీధిలో అందరి ముందూ అనేశాను, ఊదేవాడి గొంతు కదలదురా, నీ గుటక నాకు గల్లాపెట్టె దగ్గరికి కనిపిస్తోంది. వీధంతా పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వాడు. అప్పటికే వాడికి ఊదే ఊపిరి లేదు, సరదాకి సీసా ఇస్తే కుళాయి ఆగిపోయే ముందు వచ్చే చప్పుడు వచ్చేది. తరవాత ఒకరోజు కడిగేచోట పడిపోయాడు. ఆస్పత్రిలో కళ్ళు పచ్చగా, పొట్ట బిందెలా. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ఈసారికి లేచాడు, మళ్ళీ మొదలుపెడితే మాత్రం నా దగ్గరికి తీసుకురాకండి, వచ్చినా నేను చేసేదేమీ ఉండదు, అంది. నా భార్య మంచం కాళ్ళ దగ్గర నిలబడి దుప్పటి కొంగు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. అప్పుడు వీడు ఆ పచ్చ కళ్ళతో నన్ను చూసి, నువ్వు శనివారం శనివారం పుచ్చుకుంటావు కదా బావా, నాకొక్కడికేనా ఈ శిక్ష, నువ్వు మానెయ్, నేనూ మానేస్తా, అన్నాడు. ఇంకొకడైతే చెంప పగలగొట్టేవాడు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది, ఇది బేరం! ఇన్నాళ్ళూ కాళ్ళావేళ్ళా పడ్డా కదలనివాడు తనంతట తాను ధర అడుగుతున్నాడు, ధర అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపిన రోజు నా వ్యాపారంలో లేదు. సరేరా, ఇద్దరం, ఎవడు తప్పితే రెండోవాడికి ఈ బేరం చెల్లదు, అని చెయ్యి చాపాను. ఆ ఆఖరి షరతు నేనే పెట్టాను, బేరం రెండువైపులా సమంగా ఉన్నట్టు కనిపించాలని. అది ఇప్పుడు నా మెడకే చుట్టుకుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. వాడి చేతుల వణుకు పోయింది, పొట్ట తగ్గింది, కడిగేచోట పాటలు కూడా మొదలుపెట్టాడు, శ్రుతి లేదు, అయినా ఎవరూ ఆపమనం. ఇప్పుడు ఊదుతాడు కూడా. మొదటిసారి నిండుగా ఊదినరోజు వాళ్ళ అక్క కొట్టు వెనకే ఉన్న మా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఎవరండీ ఊదింది, అంది.

అంత వరకూ వచ్చినవాడు ఆ రోజు గల్లా మీద నా చీటీ చూశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఊదుతున్నావా బావా, అని నవ్వాడు. వెక్కిరిస్తే ఏమనుకునేవాణ్ణి కాను, చాలా వెక్కిరించాను వాణ్ణి, బాకీ ఉన్నాను. కానీ ఆ నవ్వులో ఊరట ఉంది, మూట దించుకునే అరుగు కనిపించిన కూలివాడి మొహం అది.

"కట్టెయ్ బావా. ఇందులో ఏముంది, మనిషన్నాక."

"కడితే?"

"కడితే తాగినట్టే కదా. షరతు నువ్వు పెట్టిందే."

"తాగలేదురా."

"నేనూ అదే అనేవాణ్ణి."

వాళ్ళ అక్క తలుపు దగ్గర నిలబడి అంతా వింది. రాత్రి అన్నం పెడుతూ, మీరు తాగలేదని నాకు తెలుసు, వాడికి తెలిసేలా చేయండి, అంది, అంతే, ఇంకో ముద్ద వడ్డించి వెళ్ళిపోయింది. తెల్లవారేసరికి నా బుర్ర లారీ చుట్టూ తిరగడం మొదలెట్టింది. వాడికి నా మాట చాలదు, నేను వాడి మాట నమ్మలేదు కాబట్టి. నాకూ వాడికీ సంబంధం లేని మూడోవాడు తూచాలి. కోర్టు ఏమంటే అది, ఒప్పుకుంటావా, అన్నాను. ఒప్పుకుంటా బావా, అన్నాడు, నేను ఓడిపోతానని వాడికి ఎంత నమ్మకమో. అయితే ఆ సీసా నువ్వే తీసుకురా, అన్నాను. నేను తెస్తే సీసా ఒకటే వస్తుంది. వాడు తెస్తే సీసాతోపాటు వాడూ వస్తాడు, లోపల నిలబడి చెవులారా వింటాడు, అదీ నా ఎత్తు. తేనె కొట్టుకి సరుకు దించేసి నేరుగా వస్తానన్నాడు. తేనె కొట్టు నుంచి ఇక్కడికి దారిలో ఆ మూల బారు ఉంది, దాని సీసాలు మేమే కొంటాం, ఆ బారాయన వీణ్ణి చూస్తే పెళ్ళివారిని చూసినట్టు ఎదురొస్తాడు. ఎత్తు వేసేటప్పుడు ఈ మూల సంగతి ఎందుకు తట్టలేదు నాకు? చేతిలో బ్రాందీ సీసా ఇచ్చి బారు ముందు నుంచి నడిపించాను, శభాష్. వచ్చేస్తాడు. ఎండగా ఉంది, దాహమేసి ఉంటుంది. రాడేమో. వస్తాడు, ఎందుకు రాడు, పొద్దున సీసాని పాత తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నప్పుడు ఎంత భద్రంగా పెట్టుకున్నాడు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. వస్తాడు. ఇంకా రాలేదు.

వస్తే మాత్రం, అబ్బ, ఎలా చెప్పాలో అంతా సిద్ధంగా ఉంది, పంపు తిప్పితే చాలు. పోలీసాయన్ని ఒకే ప్రశ్న అడుగుతాను. బాబూ, నా గొంతు కదిలిందా? అంతే! కదలలేదనక తప్పదు, కదలలేదు కాబట్టి. ఈ ప్రశ్న మొన్న గడ్డం గీసుకుంటుంటే తట్టింది, సబ్బు నురగతోనే నవ్వుకున్నాను, నా గుటకని అద్దంలో చూసుకుంటూ, వాణ్ణి పట్టుకున్న వలతోనే నేను బయటపడతాను. ధర చెప్పాక నోరు మూసుకోవాలి, ముందు మాట్లాడినవాడు దిగాల్సి వస్తుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి. అడగాలి, ఊరుకోవాలి. అడగాలి, ఊరుకోవాలి.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చాడు. ఆయన పొట్టివాడే గానీ గొంతు గేటు దాకా వినిపిస్తుంది, నా కేసు నంబరు అరిచాడు, ఎవరో నా వీపు మీద చరిచినట్టు లేచాను, కాలు తిమ్మిరెక్కి బల్ల పట్టుకున్నాను, ముసలాయన నా మోచెయ్యి పట్టుకుని, వెళ్ళండి వెళ్ళండి, బాగా చెప్పండి, అన్నాడు, మంచివాడే పాపం.

గది నేననుకున్నంత పెద్దది కాదు. ఫ్యాను కాగితాల్ని లేపుతోంది, జడ్జిగారు వాటి మీద గాజు గోళం పెట్టింది, అంత బరువైన గాజు, లోపల ఒక్క బుడగ లేదు, మంచి సరుకు, ఇప్పుడెందుకది నాకు. గేటు వైపు కిటికీ తెరిచి ఉంది. పోలీసాయన టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, ఇక్కడ ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు.

"ఇందులో రాసింది ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోనండి."

అప్పుడు ఆవిడ తలెత్తింది. పొద్దుటి నుంచి అందరూ ఒప్పుకుంటున్నట్టున్నారు, కళ్ళజోడు సరిచేసుకుంది. "లాయరు ఉన్నారా?"

"లేరండి. నేనే చెప్పుకుంటాను."

చెప్పాను. కాలిబాట, కడిగిన సీసా, ఊదడం, కొట్లన్నీ అలాగే ఊదడం. ఆవిడ వింది, నిజంగానే వింది, కొనేవాళ్ళు సరుకు మీద చెయ్యి వేసినప్పుడు నాకు తెలుస్తుంది. పోలీసాయన చూసింది చూసినట్టు చెప్పాడు, బ్రాందీ సీసా, నోటి దగ్గర, గడ్డం మీద తడి, ఒక్కటీ అబద్ధం కాదు. ఏమైనా అడుగుతారా అంది ఆవిడ నన్ను. వచ్చింది!

"బాబూ, నా గొంతు కదిలిందా?"

"వీధి అవతల నుంచి గొంతేం కనిపిస్తుందండీ?"

అంతే. గడ్డం గీసుకున్న రోజు నుంచి దాచుకున్న ప్రశ్న చేతిలోంచి జారి పెంకులైపోయింది, ఆ చప్పుడు నాకొక్కడికే వినిపించింది. ఊరుకోవాలి, ధర చెప్పాక ఊరుకోవాలి, కానీ ఇక్కడ ధర ఎవరు చెప్పారు? ఆవిడే అడిగింది, వాసన వచ్చిందా అని. ఆ కొట్టు ముందు ఎప్పుడూ ఆ వాసనేనండి, ఎవరిదని చెప్పలేను, అన్నాడతను. నిజాయితీపరుడు, నా ప్రాణానికి. ఆ సీసా ఉందా అంది. మా బావమరిది తెస్తున్నాడండి అన్నాను. ఎక్కడున్నాడు అంది. ఈ గదిలో ఎవరూ అంత కష్టమైన ప్రశ్న వేసి ఉండరు. ఎక్కడున్నాడు? ఆ మూల బల్ల దగ్గర, తువ్వాలు విప్పి, ఖాళీ సీసా పక్కన నిండు సీసా పెట్టుకుని, మా బావ కట్టేసుంటాడు ఈపాటికి అనుకుంటూ. ఆవిడ గోడ గడియారం చూసింది, పెన్ను తీసింది, మూత తిప్పింది. ఆస్పత్రిలో దుప్పటి కొంగు మడతపెట్టి విప్పిన నా భార్య చెయ్యి కళ్ళ ముందు మళ్ళీ కదిలింది.

గుమ్మని పలికింది.

కిటికీలోంచి. దూరాన ఓడ కూత పెట్టినట్టు, నిండుగా, ఆకుపచ్చగా, గాజు గోళం కింద కాగితాలు కూడా విన్నాయేమో. ఒకటే ఊపిరి, ఆగదేం, ఇంకా, ఇంకా, తాగేవాడి ఛాతీలో అంత నిడివి ఉండదు, ఉండదు, అది నాకు తెలుసు, మా వీధిలో నాకంటే బాగా ఎవరికి తెలుసు! బీట లేదు. బొంగురు లేదు. సీసాలోనూ లేదు, వాడిలోనూ లేదు.

"ఏమిటా శబ్దం?"

బంట్రోతు కిటికీలోంచి తొంగిచూశాడు. "గేటు దగ్గర ఎవడో అమ్మా, బ్రాందీ సీసాతో వచ్చాడు. వాచ్‌మన్ రానివ్వడం లేదు. ఖాళీదేనని ఊది చూపిస్తున్నాడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పోలీసాయన నవ్వలేదు. తల ఒక పక్కకి వంచి వింటున్నాడు, చెవులు ఎర్రబడుతున్నాయి.

"చెప్పండి," అంది ఆవిడ అతనితో.

"ఆ రోజు వీధి దాటుతుంటే ఇదే మోత వినిపించిందండీ. లారీ హారన్ అనుకుని పక్కకి కూడా తప్పుకున్నాను." టోపీ రెండో చంకలోకి మార్చుకున్నాడు. "లారీ ఏదీ రాలేదండి."

మళ్ళీ ఊదాడు వాడు. జడ్జిగారు పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికేననుకుంటాను, ఒకే నోటితో తాగడమూ ఊదడమూ కుదరదు కదూ, అంది, నాతో కాదు, తనలో తాను. తరవాత నా చీటీ మీద అడ్డంగా ఒక గీత గీసింది. "కొట్టేశాను. వెళ్ళండి. వెళ్ళి ఆయన్ని ఆపండి, నాకు ఇంకా కేసులున్నాయి."

దండం పెట్టానో లేదో గుర్తులేదు. వరండాలో ముసలాయన ఏదో అడిగాడు, చెయ్యి ఊపాను, మెట్లు దిగడం మరిచిపోయి దూకినట్టున్నాను, నా వయసువాడు దూకకూడదు, ఎండ మొహం మీద కొట్టింది, మోత ఇంకా వస్తూనే ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు.

"మీ మనిషేనా సార్? పొద్దున మీరు గేటు దాటి లోపలికి వెళ్ళిన కాసేపటికే వచ్చాడు. సీసా వదిలేసి పొమ్మంటే వదలడు, ఇక్కడే ఎండలో నిలబడ్డాడు. నంబరు పిలిచింది విని, ఖాళీదే వదలమని నాతో వాదించి వాదించి, ఆఖరికి ఇలా మొదలెట్టాడు చూడండి, ఆపడే!"

మా బావమరిది నన్ను చూడలేదు. తువ్వాలు భుజం మీద, కళ్ళు మూసుకుని, పొడుగు మెడ సీసా పెదవికి ఆనించి, చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయి ఉన్నాడు. నా చూపు, ఎన్నేళ్ళ అలవాటో, నన్ను అడక్కుండానే వాడి గొంతు మీదికి పోయింది.

కదలడం లేదు.